మొండి నెగెటివ్‌కు గ్రేడు తగ్గిస్తే సరిపోదు

తిరుమలలో తలనీలాలు ఇచ్చి, గుండుకు గంధం పూసుకుని కొండ దిగిన ఒక కుటుంబం మే నెల మిట్టమధ్యాహ్నం తిరుపతిలో ఏదో రాతి మండపం ముందు నిలబడి ఫొటో తీయించుకుందనుకుందాం. తండ్రీ కొడుకులు ఎండలో ఉన్నారు. తల్లి, అమ్మమ్మ ఆ ఎండకు తాళలేక ఒక అడుగు వెనక్కి వేసి మండపం నీడలోకి జరిగారు. ఫిల్ము కడిగి వెలుతురుకు పట్టి చూస్తే గంధం పూసిన గుండ్లు రెండూ నల్లటి ముద్దల్లా ఉంటాయి. అమ్మమ్మ కట్టుకున్న ముదురు చీర దాదాపు గాజులా తేటగా ఉంటుంది. ఈ నెగెటివ్‌ను మామూలు పేపరు మీద ప్రింటు వేస్తే గుండ్లు ఉండాల్సిన చోట ఉత్త తెల్ల కాగితం, చీర ఉండాల్సిన చోట నల్లటి మచ్చ మిగులుతాయి.

నలుపు తెలుపు ప్రింటింగ్ కొత్తగా నేర్చుకుంటున్న వారు ఇక్కడ చేసే మొదటి పని కాంట్రాస్టు, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, తగ్గించడం. ఫొటో పేపరు కాంట్రాస్టును గ్రేడుల్లో చెబుతారు, అంకె తగ్గితే కాంట్రాస్టు తగ్గుతుంది. రెండో గ్రేడు నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకు దిగుతారు. గుండు మీదికి కాస్త బూడిద రంగు వస్తుంది, చీరలో మడతలు కనిపిస్తాయి. లెక్క ప్రకారం అన్నీ పేపరు మీదికి వచ్చాయి. కానీ ఫొటో చచ్చిపోయింది. నాలుగు ముఖాలూ విభూతి పూసినట్టు ఒకే రంగులో ఉంటాయి, రాతి మీది ఉలి దెబ్బలు కలిసిపోతాయి, మే నెల ఎండ కాస్తా మబ్బు పట్టిన పూటలా మారిపోతుంది. మొండి నెగెటివ్‌లతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. కాంట్రాస్టు అనేది ఫొటో మొత్తానికీ ఒకటే తిప్పుడు మర కాదు. ఒకే నెగెటివ్‌లో గంధానికి ఒక కాంట్రాస్టు కావాలి, ముఖానికి మరొకటి, చీరకు ఇంకొకటి.

దీన్ని అంకెల్లో చూస్తే తేలికగా అర్థమవుతుంది. నెగెటివ్‌లో ఒక చోట ఎంత నలుపు పేరుకుందో చెప్పే కొలతను సాంద్రత అంటారు. ఇది సంవర్గమానపు కొలత. 0.3 పెరిగిందంటే ఆ చోటి నుంచి దాటే కాంతి సగానికి పడిపోయిందని అర్థం. వెలుతురుకూ నలుపుకూ ఉన్న ఈ సంబంధాన్ని గీతగా గీసి చూపించినవారు హర్టర్, డ్రిఫీల్డ్. ఇంగ్లండులో పనిచేసిన ఈ ఇద్దరి పరిశోధన 1890లో వెలువడింది. ఫిల్ముకైనా పేపరుకైనా ఆ గీత మొదట్లో మెల్లగా లేచి, మధ్యలో నిటారుగా ఎక్కి, చివర మళ్లీ వాలిపోతుంది. నిగనిగలాడే పేపరు మీద అతి గాఢమైన నలుపుకు, కాగితపు తెలుపుకు మధ్య తేడా సుమారు 100 రెట్లు మాత్రమే. మెరుపు లేని పేపరు మీద అది ఇంకా తక్కువ. ఆ తెలుపు నుంచి ఆ నలుపు దాకా వెళ్లడానికి నెగెటివ్ వైపు నుంచి ఎంత సాంద్రత తేడా కావాలన్నదే గ్రేడు. రెండో గ్రేడుకు సుమారు 1.1, మూడుకు 0.9, అయిదుకు 0.4 చాలు. సున్నా గ్రేడు మాత్రం సుమారు 1.6 దాకా మింగగలదు.

మన గుండ్ల నెగెటివ్‌లో చీర దగ్గర సాంద్రత 0.25, గంధం దగ్గర 1.85 అనుకుందాం. తేడా సరిగ్గా 1.6, కాబట్టి సున్నా గ్రేడులో ఇమిడిపోతుంది. కానీ నీడలో ఉన్న తల్లి ముఖం సంగతి చూడాలి. ఆమె చెంపకూ కనుగుంటకూ మధ్య నెగెటివ్‌లో తేడా 0.3 మాత్రమే ఉంటుంది. మూడో గ్రేడులో ఆ 0.3 పేపరు ఇముడ్చుకోగల తేడాలో మూడో వంతు. సున్నా గ్రేడులో అయిదో వంతుకన్నా తక్కువ. ముఖంలో ముక్కు, చెంప, కన్ను విడివిడిగా కనిపించడం ఆ మూడో వంతు మీదే ఆధారపడి ఉంటుంది. రెండు చివరలనూ ఇరికించడం కోసం మధ్యభాగాన్ని బలిచ్చినప్పుడు పోయేది ముఖాలే. గ్రేడును ముఖం కోసం, అంటే ఫొటోలో ముఖ్యమైన మధ్య రంగుల కోసం ఎంచుకుని, రెండు చివరలనూ వేరే దారుల్లో సర్దుకోవడమే సరైన వరుస. ఈ వరుస తలకిందులైన చోట ఎంత ఖరీదైన పేపరు కొన్నా ఫలితం ఉండదు.

ఈ ప్రాంతంలో నెగెటివ్‌లు మొండికేయడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. నీళ్లు కూడా కారణమే. ఫిల్ము మీద బొమ్మను బయటికి తెచ్చే ద్రావణం, అంటే డెవలపర్, లెక్కలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ మీద రాసి ఉంటాయి. తిరుపతిలో, చిత్తూరులో వేసవి మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేతికి కాలినట్టు తగులుతాయి. 20 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు పట్టే పని 24 డిగ్రీల దగ్గర సుమారు 7 నిమిషాల్లోనే అయిపోతుంది. అంతకన్నా వేడెక్కితే సమయం మరీ కురచై ఫిల్ము అంతటా సమంగా కడగడం కష్టమవుతుంది. పైగా ఆ అదనపు వేడి అన్ని రంగులనూ ఒకేలా పెంచదు. నీడ భాగాల్లో వెలుతురు తాకిన వెండి రేణువులు కొద్దిగానే ఉంటాయి, వాటి పని తొందరగా ముగుస్తుంది. వెలుగు భాగాల్లో డెవలపర్‌కు ఇంకా బోలెడు పని మిగిలి ఉంటుంది, కాబట్టి అక్కడ నలుపు పేరుకుంటూనే పోతుంది. అసలే ఎండలో తీసిన గంధం, దానికి తోడు వేడి నీళ్ల డెవలపర్. ఇలా నెగెటివ్ రెండు సార్లు వండినట్టవుతుంది. ట్యాంకు చుట్టూ పెద్ద గిన్నెలో ఐసు ముక్కలు వేసి చల్లబరచడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొచ్చేదే. ఐసును డెవలపర్‌లోనే వేస్తే మాత్రం అది పలచబడి లెక్క తప్పుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన నెగెటివ్‌లు ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పుడతాయి. ఈశాన్య రుతుపవనాలకు కపిలతీర్థం జలపాతం నిండుగా దూకుతున్నప్పుడు ఆకాశమంతా మబ్బు. నీడ అనేదే పడదు. ఆ నెగెటివ్‌లో మొత్తం తేడా 0.6 దాటకపోవచ్చు. రెండో గ్రేడులో వేస్తే జలపాతం బూడిద రంగులో, బండలు కూడా బూడిద రంగులోనే వస్తాయి. ఇది నాలుగో గ్రేడో, నాలుగున్నరో అడిగే నెగెటివ్. అన్నింటికన్నా చిక్కైన మూడో రకం ఒకటుంది, అది పెళ్లి ఫొటో. మధుపర్కాలు తెల్లటి బట్టలు. ఫ్లాష్ నేరుగా కొడతారు. వధూవరులు కెమెరాకు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉండి, వెనక నిలబడ్డ బంధువులు మూడు మీటర్ల దూరంలో ఉంటే, దూరం రెట్టింపైంది కాబట్టి వారికి అందే వెలుతురు నాలుగో వంతే. తలంబ్రాలు తెల్లగా పేలిపోతాయి, మేనమామలు చీకట్లో కలిసిపోతారు, హోమం పొగ వల్ల మధ్యలోని రంగులు మసకబారతాయి. ఒకే నెగెటివ్‌లో ఎక్కువ కాంట్రాస్టు, తక్కువ కాంట్రాస్టు రెండూ కాపురం ఉంటాయి.

గ్రేడు పేపర్ల కాలంలో ఇలాంటి పనికి ప్రింటరు చేతిలో ఉన్న ఆయుధాలు తక్కువ. సాఫ్టు, నార్మల్, హార్డు అని వేర్వేరు పెట్టెలు కొని పెట్టుకోవాలి. 1960లో ఊటీలో ఏర్పాటైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో అమ్మిన సరుకు దేశంలోని స్టూడియోలకు బాగా తెలిసినదే. ఇప్పుడు ఆ సంస్థ లేదు. చీకటి గదులు నడుపుతున్న కొద్దిమందీ ఎక్కువగా వాడుతున్నది ఫిల్టరుతో కాంట్రాస్టు మార్చుకోగల పేపర్లే. ఇల్‌ఫర్డ్ సంస్థ మల్టీగ్రేడ్ పేరుతో ఇలాంటి పేపరును 1940లోనే తెచ్చింది.

ఈ పేపరు ఎలా పనిచేస్తుందో చెప్పమంటే చాలామంది చెప్పేది ఒకటే. అందులో రెండు పూతలు ఉంటాయట, ఒకటి మెత్తనిది, ఒకటి గట్టిది, పసుపు ఫిల్టరు వేస్తే మెత్తనిది, ఊదా ఫిల్టరు వేస్తే గట్టిది మేల్కొంటుందట. వినడానికి బాగున్నా ఇది నిజం కాదు. పూత లోపలి భాగాలన్నింటి కాంట్రాస్టూ దాదాపు ఒకటే. నీలి కాంతికి అవన్నీ ఒకే వేగంతో స్పందిస్తాయి. తేడా ఉన్నదల్లా ఆకుపచ్చ కాంతి దగ్గర. ఒక భాగానికి ఆకుపచ్చను పసిగట్టే రంగును ఎక్కువగా, మరో భాగానికి తక్కువగా, ఇంకో దానికి నామమాత్రంగా కలుపుతారు. నీలి కాంతి పడినప్పుడు అన్నీ ఒకేసారి లేచి ఒకేసారి నల్లబడతాయి, గీత నిటారుగా ఎక్కుతుంది, అదే హెచ్చు కాంట్రాస్టు. ఆకుపచ్చ కాంతి పడినప్పుడు ఒకటి ముందు లేస్తుంది, రెండోది కొంత ఆలస్యంగా, మూడోది ఇంకా ఆలస్యంగా. అందుకే గీత సాగిపోయి మెల్లగా ఎక్కుతుంది. పసుపు ఫిల్టరు నీలిని ఆపుతుంది, ఊదా ఫిల్టరు ఆకుపచ్చను ఆపుతుంది. అంతే.

ఈ సంగతి తెలుసుకోవడం వల్ల ఒక ఉపయోగం ఉంది. నెగెటివ్ గుండా కాంతిని పంపి పేపరు మీద బొమ్మను పెద్దదిగా వేసే ఎన్లార్జర్ బల్బుకు అందే వోల్టేజి పడిపోతే కాంతి తగ్గడమే కాదు, రంగు కూడా ఎరుపు పసుపుల వైపు జారుతుంది. పాత ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం తగ్గుతుంది. అందులోనూ నీలి భాగం మిగతా వాటికన్నా ఎక్కువగా తగ్గుతుంది. అంటే వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ చేసినప్పుడు ప్రింటు పలచబడడంతో పాటు కాంట్రాస్టు కూడా మెత్తబడుతుంది. పొద్దున సరిగ్గా వచ్చిన ప్రింటు సాయంత్రం రాలేదంటే పేపరును తిట్టుకునే ముందు స్టెబిలైజర్ ఉందో లేదో చూసుకోవాలి. ఎన్లార్జర్ రకం కూడా లెక్కలోకి వస్తుంది. కాంతిని కూడగట్టి పంపే కండెన్సర్ కటకాలు ఉన్నది, కాంతిని చెదరగొట్టి పంపే దానికన్నా సుమారు అర గ్రేడు నుంచి ఒక గ్రేడు ఎక్కువ కాంట్రాస్టు ఇస్తుంది.

పని వరుస ఇలా ఉంటుంది. ముందు ముఖ్యమైన వెలుగు భాగం, ఉదాహరణకు తల్లి చెంప, సరిగ్గా వచ్చే సమయాన్ని టెస్ట్ స్ట్రిప్పు, అంటే మెట్లు మెట్లుగా వేర్వేరు సమయాలు ఇచ్చి చూసే పేపరు ముక్క, మీద పట్టుకోవాలి. తర్వాత అదే ముఖంలోని నీడను చూసి గ్రేడు మార్చాలి. నీడ పలచగా ఉంటే గ్రేడు పెంచాలి, మరీ నల్లబడితే తగ్గించాలి. వెలుగును సమయంతో, నీడను గ్రేడుతో సర్దడమన్న పాత సూత్రమే ఇది. కాకపోతే ఇక్కడ దాన్ని ఫొటో మొత్తానికీ కాక ముఖానికి మాత్రమే వర్తింపజేస్తున్నాం. టెస్ట్ స్ట్రిప్పు మీద 5, 10, 15, 20 సెకన్లు అని సమానంగా పెంచుకుంటూ పోవడం వృథా. అయిదుకూ పదికీ మధ్య తేడా రెట్టింపు, పదిహేనుకూ ఇరవైకీ మధ్య తేడా మూడో వంతే. 4, 5.6, 8, 11, 16 సెకన్లుగా వెళ్తే ప్రతి మెట్టూ కంటికి సమానంగా కనిపిస్తుంది. ఇల్‌ఫర్డ్ ఫిల్టర్లలో అన్నింటికన్నా మెత్తనిదైన సున్నా సున్నా (00) నుంచి మూడున్నర దాకా ఒకటే సమయం సరిపోతుంది. నాలుగు నుంచి అయిదు దాకా దాన్ని రెట్టింపు చేయాలి.

మన గుండ్ల ఫొటోలో ముఖాలకు రెండున్నర గ్రేడు కుదిరిందనుకుందాం. గంధం ఇంకా ఉత్త తెలుపుగానే ఉంది. ఇక్కడ ఫ్లాషింగ్ అక్కరకొస్తుంది. ఇందులో కెమెరా ఫ్లాష్ ప్రమేయం లేదు. నెగెటివ్ లేకుండా పేపరు మీద అంతటా సమానంగా అతి కొద్ది వెలుతురు వేయడాన్నే ఫ్లాషింగ్ అంటారు. నెగెటివ్ ప్రింటింగ్‌లో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఎక్కువ ఫలమిచ్చే పని మరొకటి లేదు. అయినా చాలామంది దీన్ని చివరి అస్త్రంగా దాచుకుంటారు, ఎందుకో తెలియదు.

దీని వెనక ఉన్నది చిన్న లెక్క. పేపరుకు ఒక జడత్వం ఉంటుంది. కొంత వెలుతురు పడే దాకా అది ఏ రంగూ చూపించదు. ఆ హద్దు 1.2 పాళ్లు అనుకుందాం. గంధం గుండా పేపరుకు అందుతున్నది అర పాలు మాత్రమే, కాబట్టి కాగితం తెల్లగానే ఉంది. ముందుగా ఒక పాలు ఫ్లాషింగ్ ఇస్తే అక్కడ మొత్తం ఒకటిన్నర అవుతుంది. హద్దు దాటింది, గంధంలో వేలి గుర్తులు కనిపించడం మొదలవుతుంది. అదే చీర గుండా పేపరుకు అందుతున్నది 20 పాళ్లు. అక్కడ 21 అయినా కంటికి తేడా తెలియదు. అంటే నీడలను, ముఖాలను ముట్టుకోకుండా ఒక్క వెలుగు చివరను మాత్రమే మెత్తబరిచాం. గ్రేడు తగ్గించడం చేయలేని పని ఇదే.

ఎంత ఫ్లాషింగ్ ఇవ్వాలో పరీక్షించి తెలుసుకోవాలి. నెగెటివ్ తీసేసి, లెన్సు ద్వారాన్ని బాగా కుదించి, పేపరు ముక్క మీద ఒక్కో సెకను చొప్పున మెట్లు వేసి, డెవలప్ చేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి చూడాలి. కాగితపు తెలుపుకు భిన్నంగా మొట్టమొదట కనిపించిన లేత బూడిద రంగు మెట్టును గుర్తించి, దానికి ముందున్న మెట్టు సమయాన్ని వాడాలి. పరీక్ష ఏ ఫిల్టరుతో చేశారో ఫ్లాషింగ్ కూడా అదే ఫిల్టరుతో ఇవ్వాలి. హద్దు మీరితే తెల్లగా ఉండాల్సినవన్నీ మాసిపోయిన పంచెలా మారతాయి.

ఫ్లాషింగ్‌ను పేపరు మొత్తానికీ ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఆ పాత గోపురం నెగెటివ్ ఎవరి పెట్టెలోనైనా ఉంటే అది మళ్లీ తీయడానికి వీలులేని ఫొటో. ఎక్స్‌పోజర్ తప్పిందనో, ఆకాశం మండిపోయిందనో పారేయలేం. అలాంటి నెగెటివ్‌లలో తరచుగా గోపురం బాగానే ఉంటుంది, వెనక ఆకాశం మాత్రం ఉత్త కాగితంగా వస్తుంది. గోపురానికి తగిన మూడో గ్రేడును అలాగే ఉంచి, కింది సగానికి అట్టముక్క అడ్డం పెట్టి, ఆ అట్టను మెల్లగా కదుపుతూ పై సగానికే ఫ్లాషింగ్ ఇస్తే ఆకాశానికి లేత రంగు వచ్చి, శిఖరం అంచు దాని మీద తేరుకుంటుంది. విగ్రహాల మధ్య నీడలు ఏమాత్రం పలచబడవు.

ఫ్లాషింగ్‌తో తీరనిది బర్నింగ్‌తో తీరుతుంది. అంటే మిగతా భాగాన్ని చేత్తోనో, రంధ్రం చేసిన అట్టతోనో మూసి ఒక్క చోటికే అదనపు వెలుతురు ఇవ్వడం. ఇక్కడ గమనించాల్సింది ఫిల్టరు. ప్రింటు వేసిన గ్రేడుతోనే బర్నింగ్ చేస్తే గుండు చుట్టూ ఉన్న ముదురు రంగులు ముందుగా నల్లబడి, తల చుట్టూ నల్లటి వలయం ఏర్పడుతుంది. సున్నా సున్నా ఫిల్టరుతో చేస్తే గంధంలోకి రంగు చేరుతుంది, పక్కనున్న నీడలు పెద్దగా కదలవు. మధుపర్కాలకూ ఇదే మందు. పెళ్లి ఫొటోలో ముఖాలను రెండున్నర లేదా మూడులో ఉంచి, తెల్ల బట్టలను సున్నాతో బర్న్ చేస్తే నేతలోని గీతలు బయటపడతాయి. వెనక చీకట్లో ఉన్న మేనమామలను తవ్వి తీయాలని ప్రయత్నించడం మాత్రం దండగ. నెగెటివ్‌లో లేనిదాన్ని ఏ గ్రేడూ తేలేదు. నల్లగా ఉండాల్సినదాన్ని నల్లగానే ఉండనిస్తే తలంబ్రాల మెరుపు ఇంకా పెరుగుతుంది.

రెండు ఫిల్టర్లతో విడివిడిగా ఎక్స్‌పోజర్ ఇచ్చే స్ప్లిట్ గ్రేడ్ పద్ధతి గురించి అవసరానికి మించి ప్రచారం జరిగింది. సున్నా సున్నాతో తొమ్మిది సెకన్లు, అయిదుతో ఆరు సెకన్లు ఇచ్చిన ప్రింటుకూ, సరిగ్గా కుదిరిన మధ్య ఫిల్టరుతో ఒకేసారి ఇచ్చిన ప్రింటుకూ తేడా ఉండదు. పేపరుకు అందేది ఎంత నీలి, ఎంత ఆకుపచ్చ అన్నదొక్కటే. అది రెండు విడతల్లో అందినా ఒక విడతలో అందినా లెక్క ఒకటే. ఈ పద్ధతి అసలు లాభం వేరే చోట ఉంది. అయిదో ఫిల్టరు వెలుగుతున్నప్పుడు అమ్మమ్మ చీర మీద చేయి అడ్డుపెట్టి కాపాడవచ్చు, సున్నా సున్నా వెలుగుతున్నప్పుడు గంధానికి అదనంగా ఇవ్వవచ్చు. చీరకు ఒక గ్రేడు, ముఖానికి మరో గ్రేడు, గంధానికి మూడో గ్రేడు ఒకే కాగితం మీద కూర్చుంటాయి. చేయి అడ్డుపెట్టే పనే లేనప్పుడు స్ప్లిట్ గ్రేడ్ చేయడం రెండు సార్లు మెట్లెక్కడం లాంటిది.

డెవలపర్‌తో కాంట్రాస్టు మార్చే పద్ధతులకు పెద్ద చరిత్రే ఉంది. డెవలపర్‌లో వాడే రసాయనాల్లో మెటాల్ ఎక్కువగా ఉన్న ద్రావణం మెత్తగా, హైడ్రోక్వినోన్ ఎక్కువగా ఉన్నది గట్టిగా పనిచేస్తాయి. రోలాండ్ బీర్స్ పేరు మీద ప్రసిద్ధమైన సూత్రంలో ఈ రెంటినీ ఏడు పాళ్లలో కలిపి, మెత్తటి నుంచి గట్టి దాకా ఏడు మెట్లు తెచ్చుకోవచ్చు. పేపరును కాసేపు డెవలపర్‌లో ఉంచి, తర్వాత ఉత్త నీళ్ల ట్రేలో కదపకుండా వదిలేసే పద్ధతి కూడా ఉంది. నీడల్లో నానిన డెవలపర్ తొందరగా అలసిపోతుంది, వెలుగుల్లోనిది ఇంకా పనిచేస్తుంది. ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ పేపర్ల మీద ఇవి ఇప్పటికీ అర గ్రేడు దాకా సాయపడతాయి. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ పేపర్ల మీద వీటితో కుస్తీ పట్టడం కన్నా ఫిల్టరు మార్చుకోవడం మేలు.

డెవలపర్ ట్రే దగ్గర జరిగే అసలు నష్టం వేరే ఉంది. చిత్తూరు వేసవిలో ట్రేలోని ద్రావణం 32 డిగ్రీలకు చేరితే బొమ్మ పది సెకన్లలోనే ఎగసి వస్తుంది. నల్లబడిపోతోందన్న కంగారులో ప్రింటును ముందే లాగేస్తారు. అప్పటికి నలుపులు పూర్తిగా ఎదగవు, మచ్చలు మచ్చలుగా ఉంటాయి. ప్రింటు మొత్తం నీరసంగా కనిపిస్తుంది. నెగెటివ్‌లో కాంట్రాస్టు లేదనుకుని గ్రేడు పెంచుతారు, ఈసారి వెలుగులు ఎగిరిపోతాయి. ఆర్‌సీ పేపరుకు 20 డిగ్రీల దగ్గర పూర్తి నిమిషం, ఫైబర్‌కు రెండు నిమిషాలు ఇవ్వాలి, తొందరపడి తీయకూడదు. నల్లబడిపోతుంటే ఎన్లార్జర్ దగ్గర సమయం తగ్గించాలి తప్ప ట్రేలో తగ్గించకూడదు. పెద్ద ట్రేలో చల్లటి నీళ్లు పోసి, అందులో డెవలపర్ ట్రేను ఉంచితే సగం సమస్య తీరుతుంది.

నీరసమైన ప్రింటుకు ఇంకో దొంగ కారణం పొగలాంటి లేత బూడిద రంగు, అదే ఫాగ్. ఎండాకాలమంతా ఇనుప బీరువాలో ఉడికిన పాత పేపరు వెలుగు పడకుండానే కొంత నల్లబడి ఉంటుంది. చీకటి గదిలో పేపరును నల్లబరచకుండా వెలిగే రంగు దీపం, అంటే సేఫ్‌లైట్, గాజు వెలిసిపోయినా, ట్రేకు మరీ దగ్గరగా ఉన్నా ఇదే జరుగుతుంది. పరీక్ష తేలిక. పేపరు ముక్కకు ముందుగా లేత బూడిద రంగు వచ్చేంత వెలుతురు ఇచ్చి, దాని మీద ఒక రూపాయి నాణెం ఉంచి, సేఫ్‌లైట్ కింద ఏడెనిమిది నిమిషాలు వదిలేసి డెవలప్ చేయాలి. నాణెం గుండ్రంగా కనిపిస్తే సేఫ్‌లైట్ సేఫు కాదు. ఖాళీ పేపరు మీద నాణెం పెట్టి చేసే పరీక్ష నమ్మదగింది కాదు, ఎందుకంటే ఫ్లాషింగ్ దగ్గర చూసిన జడత్వమే ఇక్కడ దొంగను దాచిపెడుతుంది. పేపరు పెట్టెను గాలి చొరబడని కవరులో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. తీసిన వెంటనే తెరిస్తే మాత్రం తేమ పడుతుంది, కొన్ని గంటలు ఆగాలి.

అన్నీ సరిగ్గా ఉండి నెగెటివ్ నిజంగానే పలచగా ఉంటే, అయిదో గ్రేడు కూడా చాలకపోతే, నెగెటివ్‌నే బలపరచవచ్చు. బాగా ఫిక్స్ చేసి బాగా కడిగిన నెగెటివ్‌ను చిక్కటి సెలీనియం టోనర్‌లో ఉంచితే నలుపు ఎక్కువగా ఉన్న చోట్ల ఇంకాస్త పెరుగుతుంది. లాభం మహా అయితే ఒక గ్రేడు. సెలీనియం విషం, చేతులకు తొడుగులు, గదికి గాలి తప్పనిసరి. దట్టమైన నెగెటివ్‌ను పలచబరిచే తిరుగుమందు 1883లో హోవర్డ్ ఫార్మర్ చెప్పిన రెడ్యూసర్, అంటే పొటాషియం ఫెర్రిసైనైడ్, ఫిక్స్ చేయడానికి వాడే హైపో కలిపిన ద్రావణం. ఒకే ఒక నెగెటివ్ ఉన్నప్పుడు దాని జోలికి పోకపోవడం మంచిది. ప్రింటు మీద వాడితే తప్పు జరిగినా పోయేది ఒక కాగితమే. పసుపు నీళ్లంత పలచగా చేసి, సన్నటి కుంచెతో తల్లి కంటి తెలుపు మీద ఒక్కసారి తాకించి వెంటనే కడిగితే, ఏ ఫిల్టరూ తేలేని చిన్న వెలుగు వస్తుంది. ఇంకా పట్టుదల ఉన్నవారు నెగెటివ్ నుంచి మసకగా ఉండే పలచటి పాజిటివ్ ఫిల్ము చేసి, రెండింటినీ కలిపి ప్రింటు వేస్తారు. దట్టమైన చోట్లకూ పలచని చోట్లకూ ఉన్న అంతరాన్ని ఆ మాస్కు తగ్గిస్తుంది, చిన్న చిన్న వివరాలు మాత్రం పదునుగానే ఉంటాయి. శ్రీకాళహస్తి గోపురం లాంటి నెగెటివ్‌కు ఈ శ్రమ దండగ కాదు, గుండ్ల ఫొటోకు అక్కర్లేదు.

చివరగా చూసుకోవాల్సింది ఆరుదల. ఫైబర్ పేపరు తడిగా ఉన్నప్పుడు వెలుగులు కాంతిగా కనిపిస్తాయి, ఆరాక ఒక పిసరు నల్లబడతాయి. తడి ప్రింటులో గంధం సరిగ్గా కుదిరిందని లైటు ఆర్పేసి ఇంటికి వెళ్తే, మర్నాడు ఆ గుండు మీద నీడ కమ్మినట్టు ఉంటుంది. పేపరును బట్టి సుమారు అయిదు నుంచి పన్నెండు శాతం దాకా సమయం తగ్గించి వేయాల్సి ఉంటుంది. ఇరవై సెకన్ల ప్రింటుకు ఎనిమిది శాతం తగ్గిస్తే సుమారు పద్దెనిమిదిన్నర సెకన్లు. మే నెల తిరుపతిలో ఒక సౌకర్యం ఉంది. టెస్ట్ స్ట్రిప్పు ముక్కను వరండాలో పెడితే పావుగంటలో అప్పడంలా వంకర తిరిగి ఆరిపోతుంది, తుది ప్రింటు వేసే ముందే ఆరిన రంగు ఎలా ఉంటుందో చూసుకోవచ్చు.